టర్బైన్ చేరింది, సిమెంటు చేరలేదు

అఫ్గానిస్తాన్ దక్షిణాన హెల్మంద్ నది మీద కజాకీ అనే చోట ఒక డ్యామ్ ఉంది. 1950ల మొదట్లో మోరిసన్ నూడ్సన్ అనే అమెరికన్ కంపెనీ కట్టింది. దాని కింద పవర్‌హౌస్ 1975లో వచ్చింది, అమెరికా డబ్బుతో. మూడు టర్బైన్లకు చోటు కట్టి, ఒకటో నంబరు చోట ఒకటి, మూడో నంబరు చోట ఒకటి బిగించారు. మధ్యలో రెండో నంబరు గుంటను మాత్రం ముందుపన్ను ఊడిన నోరులా ఖాళీగా వదిలేశారు. తర్వాత చూసుకుందాం అనుకున్నారు. తర్వాత సోవియట్ సైన్యం వచ్చింది, ముజాహిదీన్లు వచ్చారు, తాలిబన్లు వచ్చారు, తిరిగి తిరిగి అమెరికన్లే మళ్ళీ వచ్చారు. గుంట అలాగే ఉంది.

2008 ఆగస్టు ఆఖర్లో ఆ గుంట నింపడానికి చైనాలో తయారైన కొత్త టర్బైన్ కాందహార్ నుంచి బయల్దేరింది. దూరం దాదాపు 180 కిలోమీటర్లు. మన లారీ డ్రైవరైతే పొద్దున టీ తాగి బయల్దేరి మధ్యాహ్నం భోజనం అక్కడ చేస్తాడు. కానీ ఉన్న రోడ్డు నిండా మందుపాతరలు. అందుకని ఎడారిలోంచి వేరే దారి వెతికారు. రెండు వందల టన్నుల పైచిలుకు భాగాలు, వంద దాకా వాహనాలు, బ్రిటిష్ వాళ్ళు, అఫ్గాన్లు, ఇతర దేశాల వాళ్ళు కలిపి దాదాపు నాలుగు వేల మంది సైనికుల కాపలా, ఆకాశంలో హెలికాప్టర్లు. కొన్ని రోజులకు క్షేమంగా చేరింది. దేవుడి రథోత్సవానికి కూడా ఇంత బందోబస్తు ఉండదు.

టర్బైన్ బిగించాలంటే కింద కాంక్రీటు వేయాలి. కాంక్రీటుకు వందల టన్నుల సిమెంటు కావాలి. సిమెంటుకు రోడ్డు కావాలి. ఒక్క టర్బైన్‌ను నాలుగు వేల మందితో ఊరేగించి తేవచ్చు. రోజూ రావాల్సిన సిమెంటు లారీని అలా తేలేరు. రోడ్డేమో తాలిబన్ల గుప్పిట్లో ఉంది. బిగించాల్సిన చైనా నిపుణులు పరిస్థితి చూసి సర్దుకుని వెళ్ళిపోయారు. టర్బైన్ భాగాలు డ్యామ్ పక్కనే దుమ్ము కొట్టుకుంటూ ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. చివరికి పనిని అఫ్గాన్ విద్యుత్ సంస్థకే అప్పగిస్తే, 2016 అక్టోబరుకు బిగింపు పూర్తయింది. పద్దెనిమిదిన్నర మెగావాట్లు. ఖాళీ చోటు నిండటానికి 41 ఏళ్ళు.

ఈలోగా పాత టర్బైన్ల కరెంటు వృథా కాలేదు. లైన్లు వెళ్ళే ఊళ్ళలో చాలా వాటి మీద తాలిబన్లదే పెత్తనం. అమెరికా డబ్బుతో పుట్టిన కరెంటుకు ఆ ఊళ్ళలో నెలనెలా బిల్లు వసూలు చేసుకున్నది తాలిబన్లు. మన డిస్కంలను పీడించే పాత బకాయిల సమస్య వాళ్ళకు పెద్దగా ఉండి ఉండదు.

యుద్ధంలో చితికిపోయిన దేశాన్ని బాగుచేయడానికి ప్రపంచమంతా చందాలు వేసుకుంటే ఏమవుతుందో తెలియాలంటే కాసేపు ఆ గుంట పక్కన నిలబడితే చాలు. 2001 నుంచి 20 ఏళ్ళలో ఒక్క అమెరికానే అఫ్గాన్ పునర్నిర్మాణం పద్దు కింద 145 బిలియన్ డాలర్లు పెట్టింది. తన యుద్ధం ఖర్చు దీనికి వేరే. ఈ పద్దులోనూ సగానికి పైగా అఫ్గాన్ సైన్యానికి, పోలీసులకే పోయిందనుకోండి. ఇంత డబ్బు ఏమైందని అడిగితే మనకు ఠక్కున తోచే జవాబు 'తినేశారు' అని. తిన్నారు, కాదనను. కాబూల్ బ్యాంకు కథ ఒక్కటి చాలు. ప్రభుత్వోద్యోగుల జీతాలు ఎక్కువగా ఆ బ్యాంకు ద్వారానే వచ్చేవి. అందులో జనం దాచుకున్న డబ్బు దాదాపు 90 కోట్ల డాలర్లు అప్పుల పేరుతో కొద్దిమంది వాటాదారుల చేతుల్లోకి వెళ్ళిపోయిందని 2010లో బయటపడింది. ఆ వాటాదారుల్లో దేశాధ్యక్షుడి అన్నదమ్ముల్లో ఒకరు, ఉపాధ్యక్షుడి అన్నదమ్ముల్లో ఒకరు ఉన్నారు.

కానీ తినడమనేది మనకు తెలిసిన కథే. ఎవరూ పైసా తినకుండా, ప్రతి బిల్లుకూ వోచరు చూపించి, నిజాయితీగా తగలేసిన డబ్బు కథ మనకు అంతగా తెలియదు. అసలు జబ్బు అక్కడే ఉందని నా అభిప్రాయం. సాయమంతా ఇచ్చేవాళ్ళ క్యాలెండరును బట్టి, ఇచ్చేవాళ్ళ లెక్కల పుస్తకం కోసం నడిచింది. పుచ్చుకున్నవాళ్ళు రేపు దాన్నెలా నడుపుకోవాలన్న దానికి ఆ పుస్తకంలో గడి లేదు.

మొదటి నుంచీ వద్దాం. ఇలాంటి సాయం దాతల సమావేశంతో మొదలవుతుంది. మన పెళ్ళిళ్ళలో చదివింపుల బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకు దీన్ని వివరించనక్కర్లేదు. ఫలానావారు నూట పదహార్లు, ఫలానావారు వెయ్యి నూట పదహార్లు అని మైకులో చదువుతుంటే, పక్కన ఒకాయన నోటుబుక్కులో రాసుకుంటుంటాడు. 2002 జనవరిలో టోక్యోలో మొదటి చదివింపులు జరిగాయి: నాలుగున్నర బిలియన్ డాలర్లు. తర్వాత 2006లో లండన్, 2008లో పారిస్. 2012లో మళ్ళీ టోక్యో, నాలుగేళ్ళకు 16 బిలియన్లు. 2016లో బ్రస్సెల్స్, 15 బిలియన్ల పైమాట. తేడా ఒక్కటే. పెళ్ళిలో కవరు చేతిలో పడ్డాకే పేరు చదువుతారు. ఇక్కడ ముందు చదువుతారు.

చదివిన అంకె హామీ మాత్రమే. దాన్ని ఇచ్చే దేశపు పార్లమెంటు ఆమోదిస్తే కేటాయింపు, ఖజానా నుంచి కదిలితే విడుదల, పని జరిగితే ఖర్చు. ఒక్కో మెట్టు దగ్గర కొంత రాలిపోతుంది. జీవో వచ్చింది, నిధులు రాలేదు అనే వాక్యం మన పంచాయతీల్లో చంటిపిల్లలకు కూడా తెలుసు కాబట్టి దీని మీద ఎక్కువ చెప్పను. కాబూల్‌లోని స్వచ్ఛంద సంస్థల సమాఖ్య 'అక్బర్' 2008లో ఒక లెక్క తీసింది. 2001 నుంచి అప్పటిదాకా ఇస్తామన్నది 25 బిలియన్ డాలర్లు, ఖర్చయింది 15. ఆ 15లో నూటికి 40 వంతుల దాకా కంపెనీల లాభాలుగా, కన్సల్టెంట్ల జీతాలుగా ఇచ్చిన దేశాలకే తిరిగి వెళ్ళిపోయిందని ఆ సమాఖ్య అంచనా. పూర్తికాలం పనిచేసే ఒక విదేశీ కన్సల్టెంట్‌కు ఏడాదికయ్యే ఖర్చు రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల డాలర్లు. పెళ్ళి భోజనాల కాంట్రాక్టు చదివించినవాళ్ళ బావమరిదిదే అయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

డబ్బు దారిలో ఎలా కరిగిపోతుందో చెప్పడానికి క్లేర్ లాక్‌హార్ట్ ఒక సంగతి చెప్పారు. ఆ తొలి ఏళ్ళలో కాబూల్‌లో పనిచేసిన మనిషి ఆమె. బామియాన్ కొండల్లో ఒక పల్లె. తమ ప్రాంతంలో ఇళ్ళు కట్టుకోవడానికి కోట్ల డాలర్ల పథకం వచ్చిందని ఊళ్ళోవాళ్ళు రేడియోలో విన్నారు. నెలలు గడిచాయి, ఏమీ రాలేదు. చదువుకున్నవాళ్ళెవరో ఆరా తీస్తే తేలిందేమిటంటే, డబ్బు మొదట జెనీవాలో ఒక సంస్థకు వెళ్ళింది. అది తన ఆఫీసు ఖర్చుల కింద నూటికి 20 ఉంచుకుని, పనిని మరో సంస్థకు అప్పజెప్పింది. అదీ 20 ఉంచుకుని ఇంకో సంస్థకు. అలా మెట్లు దిగి దిగి మిగిలినదాంతో ఇరాన్‌లో దూలాలు కొన్నారు. వాటిని తేవడానికి లారీల కిరాయి మామూలుకు ఎన్నో రెట్లు. తీరా వస్తే ఆ దూలాలు మరీ బరువు. ఆ ఊరి మట్టిగోడలు వాటిని మోయలేవు. ఊళ్ళోవాళ్ళు ముక్కలు కొట్టి పొయ్యిలో పెట్టుకున్నారు. చలికాలం కాబట్టి అసలు ఉపయోగపడలేదని అనలేం.

ఈ లాక్‌హార్ట్‌తో కలిసి, కూలిపోయిన రాజ్యాలను ఎలా నిలబెట్టాలన్న అంశం మీద 2008లో ఒక పుస్తకం రాసిన మనిషి అష్రఫ్ ఘనీ. పుస్తకానికి ముందే మొదట ప్రపంచ బ్యాంకు ఉద్యోగి, తర్వాత అఫ్గాన్ ఆర్థికమంత్రి. 2014లో దేశాధ్యక్షుడయ్యాడు. 2021 ఆగస్టు 15న హెలికాప్టరెక్కి దేశం వదిలి వెళ్ళిపోయాడు. వైద్యం తెలిసినంత మాత్రాన రోగి బతకాలని లేదు.

ఆ తొలి ఏళ్ళలో దాతలకు ఒక చిక్కొచ్చింది. కాబూల్ ప్రభుత్వం బలహీనం, లంచాలు ఎక్కువ, దాని చేతికి డబ్బివ్వాలంటే భయం. పోనీ ఇవ్వకుండా పనులు ఎలా? అందుకని మూడింట రెండు వంతుల సాయాన్ని ప్రభుత్వ బడ్జెట్‌తో సంబంధం లేకుండా తమ సొంత కాంట్రాక్టర్ల ద్వారా, సంస్థల ద్వారా ఖర్చుపెట్టారు. బడి ఒక విదేశీ సంస్థ కడుతుంది, అందులోకి పంతుల్ని పంపాల్సింది విద్యాశాఖ. ఆ బడి ఎక్కడ కడుతున్నారో శాఖకు తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే లేదు. ఇంకో సంగతి. తొలి ఏళ్ళలో సర్కారీ ఉద్యోగి జీతం నెలకు 50 డాలర్ల దాపులో ఉండేది. ఇంగ్లిష్ ముక్కలు నాలుగు వచ్చి విదేశీ సంస్థలో దుబాసీగానో డ్రైవరుగానో చేరితే దానికి పదిరెట్లు, ఇరవై రెట్లు. పంతులు బడి మానేసి స్టీరింగ్ పట్టుకుంటే తప్పెవరిది? ప్రభుత్వం అసమర్థమని పక్కన పెట్టారు, పక్కన పెట్టేసరికి అందులో ఉన్న నలుగురు సమర్థులూ బయటికొచ్చేశారు. ఆనక, చూశారా, అసమర్థమని మేం ముందే చెప్పలేదా అన్నారు.

ఇక క్యాలెండరు సంగతి. మన ప్రభుత్వ ఆఫీసుల్లో మార్చి నెల ఎలా ఉంటుందో చూడనివాళ్ళు తక్కువ. ఏడాదంతా కదలని ఫైలు మార్చి మూడో వారంలో రెక్కలొచ్చి ఎగురుతుంది. ఖర్చు చేసినట్టు వినియోగ ధ్రువపత్రం (యూసీ) పంపకపోతే డబ్బు వెనక్కి పోతుంది, వచ్చే ఏడాది కోత పడుతుంది. అమెరికా వాళ్ళకు ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 30తో ముగుస్తుంది. పేరు వేరు, జ్వరం ఒకటే. అఫ్గానిస్తాన్‌లో పనిచేసిన అమెరికన్ అధికారి సాధారణంగా ఏడాదికి మించి అక్కడ ఉండేవాడు కాదు. వచ్చాక మూడు నెలలు నేర్చుకోవడం, వెళ్ళేముందు మూడు నెలలు సర్దుకోవడం. మధ్యలో ఉన్న ఆరు నెలల్లో అతను పనిచేశాడా లేదా అని పైవాళ్ళకు ఎలా తెలుస్తుంది? ఎంత ఖర్చుపెట్టాడో చూస్తే తెలుస్తుంది. ఆ ఖర్చు వేగానికి వాళ్ళలో ఒక పేరు కూడా ఉంది, బర్న్ రేటు. తగలబెట్టే వేగం. పేరు పెట్టినవాడికి తెలుగు వచ్చేమో అనిపిస్తుంది.

హెల్మంద్‌లోని అమెరికన్ శిబిరంలో 64,000 చదరపు అడుగుల ఆఫీసు భవనం ఈ జ్వరంలోనే పుట్టింది. 2010లో అక్కడున్న సైనికాధికారులే మాకిది వద్దన్నారు. చట్టసభ డబ్బు మంజూరు చేసేసింది కాబట్టి ఆపడం బాగుండదని పైఅధికారి ముందుకే వెళ్ళాడు. 3.6 కోట్ల డాలర్లు. కిటికీలు లేని ఆ భవనంలో ఒక్కరు కూడా పనిచేయకుండానే 2014లో శిబిరం ఖాళీ అయింది. అఫ్గాన్ వాయుసేన కోసం ఇటలీ నుంచి తెచ్చిన 20 పాత రవాణా విమానాల పథకానికి 54.9 కోట్ల డాలర్లయింది. విడిభాగాలు దొరకక అవి నేలమీదే ఉండిపోయాయి. వాటిలో కాబూల్‌లో ఉన్న 16 విమానాలను పౌను ఆరు సెంట్ల లెక్కన పాత ఇనుము వాళ్ళకు తూకం వేసి అమ్మితే 32,000 డాలర్లొచ్చాయి. అఫ్గాన్లు పండించని, వండుకోని సోయాబీన్స్‌ను వాళ్ళకు అలవాటు చేయడానికి 3.4 కోట్ల డాలర్లు పెట్టారు. మనింట్లో ఎవరైనా చద్దన్నం మాన్పించి ఓట్స్ అలవాటు చేయడానికి ప్రయత్నించి ఉంటే ఆ కష్టం తెలుస్తుంది.

ఈ సంగతులన్నీ బయటికి లాగింది అమెరికా ప్రభుత్వం తానే 2008లో పెట్టిన తనిఖీ కార్యాలయం. పొట్టి పేరు సిగార్. 2012 నుంచి 2025 జనవరి దాకా దాని అధిపతి జాన్ సోప్కో. ఆ ఆఫీసు పేరుకు తగ్గట్టు ఏళ్ళ తరబడి అందరికీ పొగపెట్టాడు. తమ డబ్బు ఎలా తగలబడిందో తామే ఇన్ని వందల నివేదికలుగా అచ్చేసి అందరి ముందూ పెట్టుకున్నందుకు అమెరికన్లను మెచ్చుకోవాలి. అయితే 20 ఏళ్ళ అనుభవం నుంచి ఏం నేర్చుకోవాలన్న పెద్ద నివేదిక వెలువడింది 2021 ఆగస్టులో, కాబూల్ పడిపోయిన నెలలోనే.

వాటన్నిటిలో నాకు బాగా నచ్చినది, నచ్చడమంటే మరేం కాదు, మన ఊళ్ళకు దగ్గరగా ఉన్నది, కాబూల్ పక్కన తారాఖీల్ పవర్‌ప్లాంటు కథ. 2007లో కాబూల్ జనానికి రోజుకు కొద్ది గంటలే కరెంటు. 2009లో అధ్యక్ష ఎన్నికలున్నాయి. ఆలోపు దీపాలు వెలగాలి. డ్యామ్ కట్టాలన్నా లైను లాగాలన్నా ఏళ్ళు పడుతుంది, తొందరగా పూర్తయ్యేది డీజిల్ ప్లాంటు. 105 మెగావాట్లు. ఖర్చు పెరిగి పెరిగి 33.5 కోట్ల డాలర్లకు చేరింది. అందమైన ప్లాంటు. కాకపోతే డీజిల్‌తో నడవాలి, ఆ డీజిల్‌ను బయటి దేశాల నుంచి ట్యాంకర్లలో కనుమలు దాటించి తేవాలి.

అదే కాలంలో ఉజ్బెకిస్తాన్ నుంచి కరెంటు కొనుక్కునే లైను ఒకటి కూడా కడుతున్నారు. అందులో పుల్-ఎ-ఖుమ్రీ నుంచి కాబూల్ దాకా 202 కిలోమీటర్ల ముక్కను మన పవర్‌గ్రిడ్ వాళ్ళు కట్టారు. సలాంగ్ కనుమ దగ్గర దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తున, ఏడాదిలో చాలా నెలలు మంచు కప్పేసే చోట టవర్లు నిలబెట్టారు. 2009లో ఆ లైనులో కరెంటు కాబూల్ చేరింది. డీజిల్ కరెంటు ధరలో అది చిన్న భాగానికే వచ్చింది. ఇంక తారాఖీల్‌ను నడిపేదెవరు? 2014-15లో తనిఖీకి వెళ్ళినవాళ్ళు చూస్తే సామర్థ్యంలో నూటికి ఒక వంతు కూడా వాడలేదు. అప్పుడప్పుడు కాసేపు మాత్రం నడిపేవారు. అలా ఆన్ చేసి ఆపడం వల్ల యంత్రాలు ఇంకా తొందరగా పాడవుతున్నాయని ఆ తనిఖీవాళ్ళే రాశారు.

ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడతాడా అని మనకో సామెత. ఇక్కడ ఏనుగును కొన్నవాడు ఒకడు, అంకుశం కొనాల్సినవాడు మరొకడు. రోడ్ల విషయంలోనూ అంతే. కాబూల్ నుంచి కాందహార్ దాకా 483 కిలోమీటర్ల రోడ్డును చాలావరకు అమెరికన్లే మళ్ళీ వేయించి 2003 డిసెంబరులో రిబ్బన్ కత్తిరించారు. ప్రయాణం అయిదారు గంటలకు తగ్గింది. మంచి పని. కానీ రోడ్డన్నాక గుంతలు పూడ్చాలి, బరువెక్కువ లారీల్ని ఆపాలి, బాంబు పేలినచోట మళ్ళీ వేయాలి. దానికి ఏటా డబ్బు కావాలి. గుంత పూడ్చడానికి రిబ్బన్ కత్తిరింపు ఉండదు కాబట్టి దాతలకు అది పట్టదు. 2016లో అమెరికా డబ్బుతో వేసిన రోడ్లలో 20 ముక్కల్ని పరీక్షిస్తే 19 దెబ్బతిని ఉన్నాయి, 17 ముక్కల మీద మరమ్మతు సరిగా లేదు, అసలే లేనివీ ఉన్నాయి.

అంతా ఇలాగే ఉందంటే అబద్ధమవుతుంది. 2003లో మొదలైన ఒక పథకం గురించి చెప్పాలి. జాతీయ సంఘీభావ పథకం. చాలా సాదా ఆలోచన. ఊళ్ళోవాళ్ళు రహస్య బ్యాలట్‌తో ఒక కమిటీని ఎన్నుకోవాలి. ఊరికి కుటుంబానికి 200 డాలర్ల లెక్కన, గరిష్ఠంగా 60,000 డాలర్లు నేరుగా వస్తాయి. ఏం చేసుకోవాలో ఊరే తేల్చుకోవాలి: బావి తవ్వుకుంటారో, కాలువ బాగుచేసుకుంటారో, చిన్న జలవిద్యుత్ యంత్రం పెట్టుకుంటారో. పనిలో పదో వంతు ఊరే భరించాలి, డబ్బు లేకపోతే ఒంటికష్టం ఇవ్వాలి. జన్మభూమి రోజుల్లో 'ప్రజల వాటా' అనే మాట విన్న మనకు ఇది కొత్త కాదు. అఫ్గాన్ పల్లెల్లో ఇలా అందరూ కలిసి చేసే శ్రమకు 'అషర్' అనే పాత పేరే ఉంది. ఇండోనేసియాలో అప్పటికే నడిచిన నమూనాను తెచ్చి దానికి ఈ అలవాటును తొడిగారు. కొన్నేళ్ళలో వేలాది పల్లెలకు చేరింది.

దీన్ని పొగిడి వదిలేయకుండా కొందరు ఆర్థికవేత్తలు కొలిచారు కూడా. 500 పల్లెల్ని తీసుకుని, లాటరీ వేసినట్టు సగానికి ముందు ఇచ్చి, సగానికి తర్వాత ఇచ్చి, రెంటినీ పోల్చారు. తాగునీరు, కరెంటు మెరుగయ్యాయి. ఊరి వ్యవహారాల్లో ఆడవాళ్ళు మాట్లాడటాన్ని మగవాళ్ళు కాస్త ఎక్కువ ఒప్పుకున్నారు. కాలువల పనుల వల్ల, రోడ్ల వల్ల పంటలో పెద్ద తేడా కనబడలేదు. ప్రభుత్వం మీద జనం అభిప్రాయం, భద్రత కొన్నిచోట్ల మెరుగయ్యాయి. కానీ పాకిస్తాన్ సరిహద్దు పక్క జిల్లాల్లో, అంటే పోరాడేవాళ్ళు బయటి నుంచి వచ్చేచోట, ఏ మార్పూ లేదు. బావి తవ్వితే దాహం తీరుతుంది, తుపాకీ ఆగాలని లేదు. ఆ రెండూ ఒకటేనని నమ్మి, ఎక్కడ పోరు ఎక్కువుంటే అక్కడే ఎక్కువ డబ్బు కుమ్మరించడం అమెరికన్లు చేసిన పెద్ద తప్పు. ఎక్కడ పోరు ఉందో అక్కడే తనిఖీకి వెళ్ళడం కుదరదు. డబ్బు కాపలాకు, దారి సుంకానికి, చివరికి అవతలివాళ్ళకే పోయేది. సైనిక సరుకు మోసే 2.16 బిలియన్ డాలర్ల లారీ కాంట్రాక్టులో దారి పొడుగునా ముఠా నాయకులకు రక్షణ సుంకం కడుతున్నారని, అందులో కొంత తాలిబన్లకే చేరి ఉండవచ్చని 2010లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘమే రాసింది.

మన దేశం ఈ కథలో ఎక్కడుంది? సైన్యాన్ని పంపలేదు, పనులు చేసింది. మొత్తం మీద మూడు బిలియన్ డాలర్ల దాకా. 2002లో పది లక్షల టన్నుల గోధుమలిస్తామంది. పాకిస్తాన్ దారివ్వలేదు. గోధుమలు పిండిగా మారి, పిండి మాంసకృత్తుల బిస్కెట్లుగా మారి, ప్రపంచ ఆహార కార్యక్రమం చేతుల మీదుగా అఫ్గాన్ బడిపిల్లలకు చేరాయి. అడ్డంకి వల్ల మేలు జరిగిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి. ఇరాన్ సరిహద్దులో జరంజ్ నుంచి దెలారామ్ దాకా 218 కిలోమీటర్ల రోడ్డు మన సరిహద్దు రహదారుల సంస్థ వేసి 2009 జనవరిలో అప్పగించింది. ఆ రోడ్డుకు పనిచేసిన మనవాళ్ళు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. హెరాత్ రాష్ట్రంలో 42 మెగావాట్ల సల్మా డ్యామ్ 2016 జూన్‌లో మొదలైంది. 2015 డిసెంబరులో కాబూల్‌లో కొత్త పార్లమెంటు భవనం. అందులో ఇప్పుడు ఎన్నికైనవాళ్ళు కూర్చోవడం లేదు.

పునర్నిర్మాణం అంటే ప్రభుత్వాలు, సైన్యాలే కాదు. సెల్‌ఫోన్ టవర్లు నిలబెట్టడానికి వెళ్ళినవాళ్ళు కూడా. హైదరాబాద్ నుంచి వెళ్ళి, బహ్రెయిన్ కంపెనీ తరఫున పనిచేస్తున్న ఒక టెలికాం ఇంజనీర్‌ను 2006 ఏప్రిల్ ఆఖర్లో జాబుల్ రాష్ట్రంలో ఎత్తుకుపోయి చంపేశారు. అంతర్జాతీయ సాయం అనే మాట ఆ రెండు మూడు రోజులూ హైదరాబాద్‌లో ఒక ఇంటి ముందు టీవీ కెమెరాల గుంపుగా మనకు కనిపించింది. ఆ తర్వాత కెమెరాలు వెళ్ళిపోయాయి.

2021 నాటికి అఫ్గాన్ ప్రభుత్వం ఖర్చుపెట్టే ప్రతి నాలుగు రూపాయల్లో దాదాపు మూడు దాతలవే. పన్ను కట్టని జనానికి ప్రభుత్వం జవాబుదారీ కాదు, డబ్బిచ్చే రాయబారికి జవాబుదారీ. ఆగస్టులో తాలిబన్లు కాబూల్ పట్టుకోగానే ఆ డబ్బు ఒక్కసారిగా ఆగింది. పంతుళ్ళ జీతాలు, నర్సుల జీతాలు, ఆసుపత్రి మందులు అన్నీ ఆ గొట్టం గుండానే వచ్చేవి కాబట్టి అన్నీ ఒకేసారి ఆగాయి. అఫ్గాన్ రిజర్వు బ్యాంకు న్యూయార్క్‌లో దాచుకున్న ఏడు బిలియన్ డాలర్లను అమెరికా స్తంభింపజేసింది. మరుసటి ఏడు అందులో సగాన్ని స్విట్జర్లాండ్‌లో ఒక నిధిగా పెట్టారు. బ్యాంకులు పనిచేయక, ఆకలి కార్యక్రమాలు నడపడానికి ఐక్యరాజ్యసమితి డాలర్ల కట్టల్ని విమానాల్లో కాబూల్‌కు తరలించింది, ఒక్కో విడతకు దాదాపు నాలుగు కోట్ల డాలర్లు. కొత్త పాలకులు ఆడపిల్లల్ని ఆరో తరగతి దాటనివ్వలేదు. 2022 డిసెంబరులో స్వచ్ఛంద సంస్థల్లో ఆడవాళ్ళు పనిచేయకూడదన్నారు. ఆడవాళ్ళు లేకుండా అక్కడ ఇళ్ళలోకి వెళ్ళి సాయం పంచేదెవరో ఎవరూ చెప్పలేదు. 2025 వచ్చేసరికి పెద్ద దాత అమెరికా తన సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్‌నే మూసేసుకుంది.

కజాకీ పని మాత్రం ఆగలేదు. ఖాళీ గుంట 2016లో నిండాక, పవర్‌హౌస్‌ను పెంచే పని ఒక టర్కీ కంపెనీ చేపట్టింది. ఘనీ ప్రభుత్వం ఉండగా మొదలైన ఆ పనిని ప్రభుత్వం మారినా కొనసాగించి, మరో వంద మెగావాట్లు కలిపి మొత్తం 151 చేసింది. 2022 జులైలో దాన్ని ప్రారంభించింది తాలిబన్ పెద్దలు. హెల్మంద్ పల్లెల్లో కరెంటు బిల్లు పాతవాళ్ళ చేతికే వెళ్తోంది, ఇప్పుడు ప్రభుత్వం పేరు మీద.